పాటకు మేలుకునే మెషిను

తిరుపతిలో మా యూనివర్సిటీ తెలుగు విభాగానికి డిస్కు రికార్డరు వచ్చిన కొత్తలో, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక నాకు అప్పగించారు. అంతకుముందు నా పని టేపులకు చీటీలు అంటించి బీరువాలో సర్దడం. అరచేతిలో పట్టే చిన్న డిస్కు, దానికో పెట్టె, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. రేణిగుంట నుంచి బస్సులో వస్తూ పోతూ ఆ పుస్తకం చదివాను. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. మనం బొత్తాం నొక్కక్కర్లేదట. శబ్దం వస్తే మెషిను తనంతట తానే మొదలుపెడుతుందట, సద్దు మణిగితే ఆగిపోతుందట. ఎంత శబ్దానికి మేలుకోవాలో ఒక అంకె పెట్టి చెబితే చాలు.

జానపద పాటలు సేకరించే మా మేడంకి ఈ సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచారు. "అయితే పలమనేరు పోదాం పద!"

పలమనేరు దగ్గర ఒక పల్లెలో, పాడి చూసుకుంటూ బతికే యాభై దాటిన ఆవిడ ఉండేది. ఆవుల్ని పితికేటప్పుడు వాళ్లమ్మ నేర్పిన పాటలు పాడుతుందని ఊళ్లో అందరూ చెప్పేవారు. మేడం టేపు రికార్డరుతో రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఎదురుగా మనిషి ఉంటే ఆవిడకు గొంతు పెగలదు.

"పాడాలనే ఉండాది మేడం. మనిసిని సూస్తే గొంతు పట్టేస్తాది. మాయమ్మ పాటలు నాతోనే పోతాయేమోనని నాకూ దిగులే," అంది మేం వెళ్లగానే.

"మేమెవురమూ ఉండం అక్కా. ఈ మెషినొకటే ఉంటాది. నువ్వు పాడితే అదే లేసి రికార్డు చేసుకుంటాది," అన్నాను.

ఆవిడ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మనిసి లేకుండానే? అయితే పెట్టు అమ్మణ్ణీ."

మైకును ఆవుల కొట్టం వాసానికి వేలాడదీసి మధ్యాహ్నమే అంతా సిద్ధం చేశాను. సాయంత్రం ఆవిడ బకెట్టు పట్టుకుని వెళ్లేసరికే డిస్కు నిండిపోయింది. విని చూస్తే అన్నీ మెడగంటలు, తోక విసుర్లు, గడ్డి నమిలే చప్పుళ్లు. అంకె మరీ తక్కువ పెట్టాను.

మర్నాడు పొద్దున, "ఒకసారి ఆవుతో మాట్లాడక్కా, నీ గొంతెంత ఉండాదో సూస్తాను," అన్నాను. ఆవిడ ఆవును ఎడాపెడా తిట్టింది. ఆ గొంతుకు సరిపడా అంకె పెట్టాను. పాలు పితకడం అయ్యాక చూస్తే డిస్కు మీద ఒక్క పాట కూడా లేదు.

ఆవిడ పడీపడీ నవ్వింది. "తిట్టినంత గెట్టిగా పాడతారా అమ్మణ్ణీ? ఆవు బెదిరిపోతే ఇంకేం సేపుతాది? పాలు పొదుగులోనే పెట్టుకుంటాది."

ఈసారి నేను మొహం పెట్టె వైపు తిప్పుకుని నిలబడ్డాను. ఆవిడ ఆవు డొక్కకు నుదురు ఆనించి ఏదో గొణిగింది. పెట్టె మీద చప్పుడెంతో చూపే పచ్చగీతలు సగం కూడా లేవలేదు. ఆ గొణుగుడుకు కొంచెం కిందుగా అంకె పెట్టి, మైకును ఆవిడ కూర్చునే చోటికి దించాను. ఆవుల మెడల్లో గంటలు ఆవిడే విప్పింది.

ఆ సాయంత్రం మేడం, నేను ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాం. మాకు ఏమీ వినపడలేదు. ఆవిడ పాలతో బయటికొచ్చి ఇంట్లోకి వెళ్లిపోయింది. నేను కొట్టంలోకి పరుగెత్తాను. పెట్టె మీద తొమ్మిది అని అంకె కనిపించింది. తొమ్మిది సార్లు అది లేచింది, తొమ్మిది సార్లు పడుకుంది.

హెడ్‌ఫోను పెట్టుకున్నాను. మొదట పాట లేదు. బకెట్టులో సన్నగా పాలధార, ఆవు నెమరు, ఒక నిండు ఊపిరి. ఆ తర్వాతే గొంతు. పాట సాగే కొద్దీ ధార చప్పుడు చిక్కబడుతూ వచ్చింది. ఆవు పాలు చేపడం నా చెవులకు వినపడుతోంది! మేడం విని, పెన్ను తీసి, ఏమీ రాయకుండానే మూసేశారు.

ఆవిడకూ వినిపించాం. ఆవిడ మనసు పాట మీద కంటే దాని ముందరి ఊపిరి మీదే నిలిచింది.

"నేను పాట ఎత్తకముందే దీనికెట్లా తెలిసింది అమ్మణ్ణీ?"

"అది నిద్రపోతా కూడా ఇంటానే ఉంటాదక్కా. విన్నదాన్ని విన్నట్టే మర్సిపోతా ఉంటాది. నీ గొంతు వచ్చినాక మాత్రం, దానికి ముందర విన్న నాలుగు సెకండ్లు మర్సిపోకుండా కలుపుకుంటాది."

ఆ మాట నేను పుస్తకంలో చదివినదే. పైకి అంటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆవిడ కొట్టం వైపు చూస్తూ, "మా ఎర్రావూ అంతే. నేను నోరు తెరవకముందే సెవులు ఇట్లా తిప్పుతాది," అంది. "ఇంకో డిస్కు ఉంటే పెట్టిపో. మాయమ్మవి ఇంకా శానా ఉండాయి," అంది.

డిస్కు ఎలా మార్చాలో చూపించి, మెషినునూ మిగిలిన డిస్కులనూ ఆవిడకే వదిలేసి వచ్చాం. యూనివర్సిటీ సొమ్మును పశువుల కొట్టంలో వదిలినందుకు విభాగంలో మాకు చీవాట్లు పడ్డాయి. నాలుగు రోజుల తర్వాత వెళ్తే, మెషిను మీద పేడ చుక్క కూడా పడకుండా పాత చీర కప్పి ఉంది. డిస్కుల మీద మరో ముప్పైఒక్క పాటలు ఉన్నాయి. వాటిలో ఏడు ఆవిడ ఆ నాలుగు రోజుల్లోనే గుర్తుచేసుకున్నవట.