వేడినీళ్ళ కాలువలో పచ్చని హద్దు

నా భార్య పోయిన ఏడాది నాకు దేనిమీదా మనసు ఉండేది కాదు. ప్రొద్దుటూరులో ఇంటికి తాళం వేసి, పులివెందుల దగ్గర ఆమె తమ్ముడి బత్తాయి తోటకు, అక్కడి మాటలో చీనీ తోటకు, వెళ్ళేవాణ్ణి. తిరిగొచ్చి డైరీలో ఎండ ఎలా ఉందో, గాలి ఎటు వీచిందో రాసేవాణ్ణి. అంతకు మించి ఏమీ తోచేది కాదు.

తోటలో పాత బోర్లన్నీ ఎండిపోయాయి. ఆఖరున చాలా లోతుకు వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి గానీ, వేడినీళ్ళు. చలికాలం తెల్లవారుజామున పైపు దగ్గర ఆవిరి లేచేది. ఆ వేడికి చీనీ వేర్లు ఉడికిపోతాయని ఇంట్లో అందరికీ భయం. అందుకని పొడవాటి మట్టికాలువ తీసి, నీళ్ళను గుంటలో చల్లారనిచ్చి చెట్లకు కట్టేవారు.

కొన్నాళ్ళకు ఆ కాలువకు రంగులు పట్టాయి. పైపు కింద ఎరుపు, తర్వాత నారింజ, ఇంకా దూరాన ముదురు పచ్చ. కొత్త బోరుకు పెట్టిన కుంకుమే ఇంకా పోలేదని బావమరిది భార్య నమ్మింది. నిజానికి ఆ ఎరుపు రంగు నీళ్ళలోని ఇనుము తుప్పుది. నారింజ, పచ్చ సూక్ష్మజీవులవి. ఒక్కో రకం తనకు సరిపడే వేడి దగ్గరే నిలుస్తుంది. పెద్ద వేడినీటి ఊటల్లో వలయాలుగా కనిపించే రంగులకు కారణమూ ఇదే. బడిలో నేను ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పాఠం. కళ్ళతో చూడడం అదే మొదలు. అందంగా ఉందని తెలుస్తూనే ఉంది. లోపలికి మాత్రం ఏదీ దిగలేదు.

ఎండలు ముదిరేసరికి కాలువలోని పచ్చ హద్దు పైపు వైపు జరుగుతూ వచ్చింది.

"చూడు బావా, నీళ్ళు చల్లబడతాండాయి. ఇంగ చెట్లకు నేరుగా కడతా" అన్నాడు బావమరిది.

"శుక్రవారం గంగమ్మకు పొంగలి పెడతా. దీనికి మీ సైన్సు ఏమంటాదన్నా?" అని నవ్వింది అతని భార్య.

నేను పైపు కింద చెయ్యి పెట్టాను. వేడి అలాగే ఉంది.

"చల్లబడలేదప్పా, నీళ్ళే తగ్గినాయి. సన్నంగా పారే నీళ్ళు బిరీన, దూరం పోకముందే చల్లారతాయి. పచ్చ అందుకే ముందుకొచ్చింది."

"నీ నోట మంచి మాటే రాదు గదా బావా."

అంటూ బావమరిది కూడా ధార కింద చెయ్యి పెట్టాడు. రోజూ చూసేది కావడంతో అతనికి అప్పటిదాకా తేడా తెలియలేదు. చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

"బోరు పోతాదంటావా?"

"ఈ ఎండలు దాటితే ఎక్కువ."

పొంగలి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అతను పార తెచ్చి, గుంట నుంచి తోటలో అవతలి సగానికి పోయే కాలువ దగ్గర నిలబడ్డాడు.

"సగమన్నా బతికించుకుందాం. కానీ అవతల ఉండేవి అక్క నాటిన చెట్లు బావా."

"తెలుసు. మూసెయ్."

మట్టి వేశాడు. ఆ కాలువలో మిగిలిన నీళ్ళు ఇంకిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. సాయంత్రానికి అడుగున పచ్చపొర ఎండి, అంచులు ముడుచుకున్నాయి. బస్సు వేళ కావడంతో లేచాను.