ఎర్రదారం కట్ట

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తాంటే నా కూతురు రాస్తాంది. మధ్యలో నా మాట సరిచేయద్దని ముందే చెప్పినా.

నా కూతురు హిందూపురం నుంచి రోజూ బస్సులో పెనుకొండకు పోయి బడిలో పంతులమ్మ పని చేస్తాది. దాంతోపాటు పీహెచ్‌డీ చదువుతాండాది. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లు ఎందుకు ప్రాణాలు తీసుకుంటాండారు, అదీ దాని చదువు. అట్ల పోయినోళ్లల్లో నా మొగుడు ఒకడు. దాని నాయన.

సొంతంగా రాసేదానికి ముందు, ఇంతవరకూ ఎవరెవరు ఏమేమి రాసినారో అంతా చేర్చి ఒక అధ్యాయం రాయాలంట. ఈసారి గడువులోపల ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారని గైడు సారు చెప్పేసినాడు. బస్టాండు కాడ జిరాక్సు తీయించిన కాగితాలు సంచులకు సంచులు తెచ్చి ఇంట్లో పోసె. అంతా ఇంగ్లీషే. చాప పరిచేకి జాగా లేదు.

"మా, కొంచెం చేయి పట్టు" అనె. అది ఒక్కోటి చదివి, పైన రంగు పెన్నుతో గీత పెడతాది. ఆ రంగు చూసి నేను కట్ట కట్టాల. నా కాడ పాత కండెల్లో మిగిలిన పట్టుదారం ఉండాది. ధర్మవరంలో ఇల్లు ఖాళీ చేసినపుడు పారేయబుద్ధి కాలే. పవర్‌లూములు వచ్చి పని పోయిందని రాసినోళ్లకు పచ్చదారం. పట్టు ధర వల్ల అన్నోళ్లకు పసుపుదారం. తాగుడు వల్ల అన్నోళ్లకు ఎర్రదారం.

"బతికినపుడు ఒక్కడూ తొంగి చూడలే, పోయినాక ఇంతమంది రాసినారా?" అంటి.

"నేనూ అదే పని చేస్తాండా గదా మా."

"నీది వేరేలే."

"ఏం వేరే? కట్టు."

నవ్వింది గానీ, ఆ పొద్దు ఒక కాగితం కాడ నిలిచిపాయె. మళ్లీ మళ్లీ చదివి, గీత పెట్టకుండా మోకాలి కింద పెట్టుకునె.

"ఏందే అది?"

"ధర్మవరంలో మన వీధి గురించి మా."

నాకు గుర్తుకొచ్చె. మా ఆయన పోయినాక ఏదో కాలేజీ నుంచి ఇద్దరు పిల్లోళ్లు వచ్చినారు. మంచోళ్లే. మంచం మీద కూర్చుని నేనిచ్చిన టీ తాగినారు. కాగితంలో ఉండేవన్నీ వరసగా అడిగిరి. మీ ఆయన తాగేవాడా అంటే తాగేవాడనే చెప్తి. చీర నేసి మగ్గం మీద నుంచి కోసిన దినం తాగేవాడు. వీధిలో అందరూ అంతే. ఆ మాట నా నోట్లో ఉండంగానే వాళ్లల్లో ఒకడు టిక్కు పెట్టి ఇంకో ప్రశ్నకు పాయె. చివరి ఏడాది మా మగ్గానికి పనే లేదు. కోసేకి చీర లేదు. చీర లేకపోతే తాగుడు యాడిది? ఆ ఏడంతా ఆయన నోట్లో పోసుకోలే. పొద్దున్నే లేచి, స్నానం చేసి, వట్టి మగ్గం కాడ పోయి కూర్చునేవాడు. ఆ సంగతి వాళ్లు అడగలే.

"ఏమని రాసినారు?" అంటి.

"పోయినోళ్లకు తాగుడు ఉండాదని వాళ్ల ఇండ్లల్లో ఆడోళ్లే చెప్పినారు, అని."

"దాన్ని తీసేయి."

"తీసేకి కాదు మా. అందరూ దీన్నే ఎత్తి చూపిస్తారు. వదిలేస్తే సారు మొదట దీన్నే అడుగుతాడు."

"అయితే నేను చెప్పింది పక్కన రాయి."

మర్నాడు సారుకు ఫోన్ చేసె. నేను పక్కనే నిలబడింటి. అది సరే సార్, సరే సార్ అంటాండాది. పెట్టేసినాక చెప్పె. ఈ అధ్యాయంలో అచ్చయినవే రావాలంట. 'మా అమ్మ చెప్పింది' అంటే ఒప్పుకోరంట.

"మరి తర్వాత రాసేదాంట్లో?"

"రాసినా, సొంత నాయనని వెనకేసుకొస్తాండాది అంటారు మా."

అది ఆ కాగితానికి ఎర్రగీత పెట్టి నా చేతికిచ్చె. కట్టినా. పట్టుదారం జారుతాది. రెండుసార్లు ఊడిపాయె. కడాకు పంటితో పట్టి బిగిస్తి.

అధ్యాయం ఇచ్చేసినాది. సారు బాగుందన్నాడంట. పేరు నిలిచింది. ఆ దినం అది అన్నం ముందర కూర్చుని మెతుకులు కెలుకుతా ఉండె. తిను అని నేను చెప్పలే. నేను మాత్రం తింటి, ఆకలైతాండె.

కట్టలన్నీ మంచం కిందికి తోసినాం. ఊడ్చేటపుడు చీపురుకు తగులుతాయి.

ఇప్పుడు చెప్తాండేది అచ్చయితాదో లేదో నాకు తెలీదు. చివరి ఏడాది ఆయన తాగలే.

"రాసినావా?"

"రాసినా మా."

"దీనికి ఏ దారం?"

"దీనికి కట్ట లేదు మా. నువ్వు చెప్పు."