అమ్మను ఎవరూ అడగని మాట

నా చిన్నప్పుడు, అమ్మ మంచాన పడిన ఆ రెండు నెలలూ, మా ఇంట్లో చావు అన్న మాట ఎవరి నోటా రాకూడదు. కాళ్లూ మొహమూ ఉబ్బిపోయి, అన్నం చూస్తేనే వాంతి చేసుకునే మనిషితో, చూడవచ్చిన ప్రతివాళ్లూ రేపో మాపో లేచి జీడితోటకు పోతావు అనేవాళ్లు. కిడ్నీలు పాడైపోయాయి, ఇక చెయ్యగలిగిందేమీ లేదని పలాసలో డాక్టరు చెప్పిన సంగతి నాన్నకూ నాయనమ్మకూ తెలుసు. వాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను కాబట్టి నాకూ తెలుసు. అప్పటికి నాకు పదేళ్లు.

ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను పిలిచి, "నాను బతుకుతానేటే?" అని అడిగింది. నాయనమ్మ నేర్పిన జవాబే చెప్పాను, నెలలో తగ్గిపోతుందని డాక్టరు అన్నాడని. అమ్మ నా వంక కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకుంది. బాగా చెప్పావని నాయనమ్మ మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్నే పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆవిడ భర్త కూడా ఇదే జబ్బుతో పోయాడు. మంచం పక్కన నేలమీద చతికిలబడి, అమ్మ పాదాలు ఒళ్లోకి తీసుకుని, "అమ్మీ, పోతానని అనిపిత్తందా నీకు?" అంది. గుమ్మంలోంచి నాయనమ్మ కసురుకుంది. పెద్దమ్మ కదల్లేదు, ఇంకో మాటా అనలేదు.

చాలాసేపటికి అమ్మ నోరు విప్పింది. "అనిపిత్తంది అక్కా. మా అన్న సీర తేడేమోనని బయం."

మా వైపు ముత్తైదువ పోతే పుట్టింటివారు తెచ్చిన చీర కట్టి సాగనంపుతారు. బారువలో ఉండే మా మేనమామకూ అమ్మకూ కొబ్బరితోట గట్టు దగ్గర మాటా మాటా వచ్చి మూడేళ్లుగా రాకపోకలు లేవు. అన్న రాకపోతే ఎవరూ లేనిదానిలా వెళ్లిపోవాల్సి వస్తుందని అమ్మ లోలోపలే కుమిలిపోతోంది. బాగైపోతావని అందరం అంటుంటే కబురు పంపమని ఎలా అడుగుతుంది?

ఆ మాట విని నాన్న అప్పటికప్పుడు బారువకు సైకిలెక్కాడు. సాయంత్రానికి మామ వచ్చాడు, చంకలో పొట్లం దాచుకుని. బతికున్న మనిషికి అది చూపించకూడదంటారు. అమ్మే అడిగి చూసింది. అంచు తడిమి, "రంగు బాగుందన్నా" అంది. మామ మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. నాలుగో రోజున అమ్మ వెళ్లిపోయింది. అబద్ధం చెప్పానని అమ్మతో ఒప్పుకోవడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు.

పెద్దయ్యాక నర్సునయ్యాను. చివర్లో టెక్కలిలో నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పాను, రిటైరయ్యాక కూడా పిలిస్తే వెళ్తున్నాను. ఇంజెక్షన్ చెయ్యడం వాళ్లకు తొందరగానే వచ్చేస్తుంది. పోయే మనిషి పక్కన కూర్చోవడమే రాదు. ఏం కాదండీ అనేసి ట్రే పట్టుకుని పారిపోతారు. చావు మాట పైకి అనమంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. ఆ నవ్వు భయంతోనేనని తెలిసినా కోప్పడతాను. నిలబడి అడగొద్దు, కూర్చోండి, అడిగాక నోరు మూసుకోండి, ఏడుపొస్తే ఏడవండి, లేచి మాత్రం పోకండి అంటాను.

ఈమధ్య నా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీల సంగతి నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కొడుకూ కోడలూ ఏం కాదమ్మా అంటున్నారు, నేనూ తలూపుతున్నాను. ఇన్నేళ్లు ఊరందరి పిల్లలకూ నేర్పినదాన్ని, నా ఇంట్లో ముందుగా నోరు విప్పడం నాకే చేతకావడం లేదు. అడిగేవాళ్ల కోసం చూస్తున్నాను.