అన్న విడిచిన గాడి

నా రాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో ఐదో తరగతి దాకే చదివాను, సర్దుకుని చదవండి. మా పక్కింటి అన్న పోయి రెండు వారాలైంది. పొద్దున ఛాతీలో నొప్పన్నాడు. దవాఖానకు పోదామని ఆటో పిలిచేలోపే అయిపోయింది. వరంగల్‌లో మీలో కొందరి గడపల దగ్గర ఆయన కోసిన రబ్బరు మ్యాటే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఆయన పని. రేకుకు ఒక చిల్లు. మధ్యాహ్నం అందులోంచి రూపాయి బిళ్లంత వెలుగు పడి, నేల మీద పరచిన నల్ల రబ్బరు మీద మెల్లగా జరిగేది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చునేవాళ్లం. నాకు మాటలు కలపడం రాదు, ఆయనకు మాటల అవసరం లేదు. కొత్త రబ్బరు చుట్ట వస్తే వెంటనే కోసేవాడు కాదు. ఎండలో పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టి, ఒక పూట వదిలేసేవాడు.

“అది చుట్టలున్న సంగతి మర్శిపోవాలె తమ్మీ. అప్పటిదాంక కత్తి ముట్టొద్దు” అనేవాడు.

తర్వాత సుద్దతో గీత, గీత పక్కన ఇనుప పట్టి, పట్టి మీద మోకాలు. కత్తిని సబ్బునీళ్లలో ముంచి, నిమిరినట్టు ఒకసారి లాగేవాడు. అదే దారిలో మళ్లీ. నాలుగోసారికి రబ్బరు తనంతట తానే విడిపోయేది.

ఒకసారి ప్రార్థన మందిరం మెట్లకు మ్యాటు నన్ను కోయమన్నాడు. ఒక్క లాగుకే తెంపాలని బలమంతా పెట్టాను. రబ్బరు కత్తి ముందు ముడుచుకుని, అంచు వంకర్లు పోయింది. చాయ్ తెచ్చిన వదిన చూసి, ఇది మ్యాటా, తొర్రూరు రోడ్డా అని అడిగింది. అన్న నవ్వలేదు.

“నువ్వు కోత్తలేవు తమ్మీ, కొట్లాడుతానవ్” అన్నాడంతే. ఆ ముక్కను స్కూటర్ల మీద కాళ్ల కింద వేసేందుకు చిన్నగా కోసి, మెట్లకు వేరేది తీశాడు. నేను మళ్లీ కత్తి పట్టలేదు.

పోయే ముందురోజు వదిన కోసం మ్యాటు మొదలుపెట్టాడు. స్నానాల గది ముందు బండ మీద ఆమె రెండుసార్లు జారింది, మోకాలు ఇంకా వాచే ఉంది. రెండుసార్లు కత్తి లాగి, నడుము పట్టేసిందని, మిగతాది రేపు చూద్దామని లేచాడు.

దినం అయ్యాక వదిన నన్ను షెడ్డులోకి పిలిచింది.

“మీ అన్న సగం కోసిండు. వేరేటోళ్లకు ఇయ్యబుద్ధి ఐతలేదు. నువ్వే తెంపు మరిదీ.”

పాడుచేస్తే ఆయన ఆఖరి పని పాడుచేసినట్టే. సుద్దగీత అప్పటికే చెరిగిపోయింది. పట్టి పెట్టి, మోకాలు ఆనించి, తడి కత్తి మొన ఆనించాను. అది వెళ్లి ఆయన విడిచిన సన్నటి గాడిలో కూర్చుంది. నేను నొక్కలేదు. ఊరికే దాని వెంట పోయాను, ఆయన ముందు నడుస్తున్నట్టే ఉంది. రెండోసారికి మ్యాటు చప్పుడు లేకుండా విడిపోయింది. అంచు తిన్నగా ఉంది. వదిన దాని మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడింది.

మీ ఇంట్లో ఆయన కోసిన మ్యాటు ఉంటే, అంచు మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. ఎలా ఉందో రెండు ముక్కలు రాయండి, వదినకు చదివి వినిపిస్తాను. పొద్దున్నే ఆమె తడి పాదాల గుర్తులు రెండు, ఆ నల్ల రబ్బరు మీద కాసేపుండి ఆరిపోతున్నాయి. జర జల్ది రాయండి.