వ్యానుకి అడ్డంగా నా పెళ్లి

ఆ రోజుల్లో మా అమలాపురం వీధిలో ఒక మహా సంగ్రామం జరిగింది, ఏడు తరాలు చెప్పుకోవలసినది, వింటే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి... అని మొదలుపెడదామనే కూర్చున్నాను. కానీ అబద్ధమాడి ఒకసారి బాగా అనుభవించినవాణ్ణి కనుక నిజం చెప్పేస్తాను. అది మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఉన్న ఉమ్మడి దారిలో రొయ్యల వ్యాను పెట్టడం గురించిన తగువు. అందులో దెబ్బ తిన్నది వ్యాను. సిగ్గుతో చచ్చింది నేను. (రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.)

పక్కింటి బాబాయిగారు (చుట్టరికం లేదు, గోడ ఒకటే) గల్ఫులో ఏళ్ల తరబడి ఎవరెవరివో బళ్లు తోలి, తిరిగొచ్చి సొంతానికి ఒక పాత వ్యాను కొనుక్కున్నారు. వాళ్ల ఇల్లు గడిచేది దాని మీదే. చీకటితోనే ఉప్పలగుప్తం చెరువుల దగ్గరికి వెళ్లి, రొయ్యల ట్రేలు ఎక్కించుకుని, దింపవలసిన చోట దింపి, ఎనిమిదింటికల్లా వచ్చి దారికి నట్టనడుమ వ్యాను ఆపి నిద్రపోయేవారు. సరిగ్గా అప్పుడే నాన్న ఆఫీసుకి స్కూటరు తీయాలి. వ్యాను నుంచి కారే ఐసునీళ్ల కోసం పేటలోని పిల్లులన్నీ మా గోడ మీద సభ తీర్చేవి. అమ్మ ఎండబెట్టిన వడియాలు శాకాహారమో కాదో తేల్చుకోలేని స్థితికి వచ్చాయి. ఇక తగువంటారా, మావైపు తగువు ఇలా ఉంటుంది.

"ఏవండీ, వ్యాను కాస్త వెనక్కి తీస్తే నా స్కూటరు వచ్చేస్తుందండి."

"ఆయ్, తీసేత్తానండి అన్నయ్యగారూ. కాఫీ తాగేరా?"

"తాగేనండి. పోన్లెండి, పడుకోండి, పాపం నిద్ర లేదు మీకు."

నాన్న బస్సెక్కి వెళ్లిపోయేవారు. ఏడాదిపాటు యుద్ధం ఇంత భీకరంగానే సాగింది.

నేనప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాది. ఎవరు ఏడ్చినా, ఎవరు తిట్టుకున్నా మధ్యలో ఒక జోకు పడేసి గాలి తీసెయ్యడం నా వృత్తి. ఈ తగువుని కూడా నా తెలివితోనే తేల్చేద్దామనిపించింది. దారి మొదట్లో ఒక పెళ్లిరాట పాతేస్తే సరి! పసుపు రాసిన రాటని మావైపు పీకడం కాదు, కదపడానికి కూడా ఎవరూ సాహసించరు. పెళ్లయి, పదహారురోజుల పండగ గడిచేదాకా అది అక్కడే.

"ఉత్తినే పసుపు రాయకూడదురా," అంది అమ్మ భయంగా.

"మంత్రాలు చదవం కదమ్మా, లెక్కలోకి రాదు."

నాన్న పేపరు వెనకాల నుంచి ఏమీ అనలేదు. (మా ఇంట్లో దాన్నే అంగీకారం అంటారు.)

మర్నాడు బాబాయిగారు వ్యానేసుకుని వచ్చేసరికి దారికి అడ్డంగా పసుపూ కుంకుమతో, మావిడాకులతో సరుగుడు రాట. ఆయన దిగారు. దిగి, చెప్పులు విప్పారు.

"శుభం వదినగారూ! ఎవరికండీ పెళ్లి?"

ఇంట్లో ఉన్న సంతానం నేనొక్కణ్ణే. అమ్మ కళ్లు నా మీద పడ్డాయి.

"వీడికేనండి."

"చదువింకా అవ్వలేదు కదండీ?"

"పెళ్లయ్యాక పాసవుతాడండి," అంది అమ్మ, తప్పించుకునే దారి లేక.

"అదీ మంచిదేనండి. నా బండి కాలవగట్టు మీద పెట్టుకుంటాను లెండి, పెళ్లింటికి అడ్డం రాకూడదు. సామాన్లవీ తేవాలంటే చెప్పండి, శుభ్రంగా కడిగించి పంపిత్తాను."

ఆయన అటు వెళ్లగానే నేను వంటింట్లో ఆయన చెప్పులు విప్పడాన్ని అభినయించి చూపించాను. అమ్మ నవ్వలేదు.

రెండు వారాలు నాన్న రాజాలా స్కూటరు మీద వెళ్లారు. ఆ తర్వాత మూడు రోజులు వదలకుండా ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే గట్టు అంచు జారి, వ్యాను ముందు చక్రాలతో కాలవలోకి దిగిపోయింది. అదృష్టం, లోపల ఎవరూ లేరు. వీధంతా వెళ్లాం. ఖాళీ ట్రేలు నీళ్లలో తేలుతూ పోతున్నాయి. బాబాయిగారు తడిసిన లుంగీతో, మొలలోతు నీళ్లలో నిలబడి తాడు కడుతున్నారు. అందరూ మౌనంగా ఉన్నారు. నాకు మౌనం పడదు.

"బాబాయిగారూ, శుభ్రంగా కడిగించి పంపుతానన్నారు కానీ, మరీ ఇంత శుభ్రంగానా!" అన్నాను.

నలుగురు నవ్వారు. బాబాయిగారూ నవ్వారు, మర్యాదకి. నవ్వి, నాన్నతో అన్నారు: "పెళ్లి ముందు అపశకునం అనుకోకండి అన్నయ్యగారూ. బండి నాది కదండీ, మీకేం అంటదు."

నాన్న నన్ను చూసిన చూపు తిట్టు కాదు. తిట్టయితే బాగుండేది.

ఇంజనులోకి నీళ్లు పోయి వ్యాను షెడ్డు పాలైంది. బాబాయిగారు మళ్లీ ఎవరిదో బండి తోలడానికి కుదురుకున్నారు. ఆయన అలా కుదిరిన సాయంత్రమే పక్కింటికి వెళ్లాను. పిన్నిగారు పెసరట్టు పోస్తున్నారు.

"పిన్నిగారూ, నాకు పెళ్లి లేదండి."

"తప్పిపోయిందా నాయనా!" ఆవిడ కళ్లనిండా నీళ్లు. "బెంగెట్టుకోకు, ఆ పిల్లకే ప్రాప్తం లేదు. కూర్చో, ఒకట్టు తిను."

తిన్నాను. (అదీ రాసేస్తున్నాను, దాచడమెందుకు.) తిన్నాక మొత్తం చెప్పాను. రాట ఎందుకు పాతామో, పాతమన్నది ఎవరో. పెనం మీద అట్టు మాడిపోయింది. పక్కనే తింటున్న బాబాయిగారు కంచం అవతలికి జరిపారు.

"తీయమంటే తీసేద్దును కదరా."

"నాన్నగారు రోజూ అడిగేవారు కదండీ."

"ఆయ్, అడిగేవోరు. కాఫీ తాగేనండి, పడుకోండి అంటా అడిగితే, తొందరేం లేదనుకున్నానురా. ఒక్క రోజు కోప్పడాల్సింది."

తలెత్తలేకపోయాను. అంతకుముందు దేనికైనా ఒక మాట ఉండేది నా దగ్గర. ఇప్పుడు ఎక్కడైనా ఎవరిదైనా మొహం వాడిపోయి కనిపిస్తే, జోకు నాలిక చివరిదాకా వచ్చి ఆగుతుంది. ఆ ఇరవయ్యేళ్ల మేధావిని తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను, కొంచెం తల దించుకుని.

మర్నాడు పొద్దున్న రాట నేనే పీకాను. అమ్మ కుట్టుమిషను సొరుగులో ఉన్న టేపు పట్టుకుని నాన్నా బాబాయిగారూ దారి కొలిచారు. తొమ్మిదడుగులు. షెడ్డులో ఉన్న వ్యాను వెడల్పు ఐదున్నర. గోడవారగా పెడితే పక్కనుంచి స్కూటరు వెళ్లిపోతుంది.