నోబడీ పక్కన నాట్ వద్దు

రష్యన్ టీచరు నెదెల్కాకి యాభై ఒకటో ఏట మళ్ళీ హోంవర్కు మొదలైంది. పైన కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది, జెండా మీది బొమ్మ పోయింది, ఆ వెనకే బళ్ళలో రష్యన్‌కి కాలం చెల్లింది. జూన్‌లోగా ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే. పెన్షనుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఇరవై ఎనిమిదేళ్ళు బల్గేరియాలోని మా వ్రాత్సా ఊరి పిల్లలకి రష్యన్ విభక్తులు నూరిపోసిన మనిషి, ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు పిల్లల బల్లలో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చునేది.

పాఠం చెప్పేది ఎలీత్సా అనే ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఒకప్పుడు ఇదే గదిలో నెదెల్కా చేత చీవాట్లు తిన్న పిల్లే.

"కామ్రేడ్... అయ్యో, కాదు, మేడం! మళ్ళీ నోబడీ పక్కన నాట్ పెట్టారు."

"పెట్టకపోతే ఏదో మింగేసినట్టుంటుందే తల్లీ," అంది నెదెల్కా నీరసంగా.

తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. మా బల్గేరియన్లో 'ఎవరూ' అన్న మాటలోనే ఒక 'లేదు' ఉంటుంది, అయినా క్రియకి ఇంకో 'లేదు' తగిలించందే వాక్యం నిలబడదు. ఇంగ్లీషు వాళ్ళకి ఒక్కటి చాలట. ఈ సంగతి ఆమె బుర్రకి అర్థమైంది కానీ నాలుకకి కాలేదు.

"వాళ్ళు దొరలు, ఒక్కసారి లేదంటే లేదే," అన్నాడు వెనక బల్ల మీది పెన్చో. అతనూ రష్యన్ మాస్టారే. "మన దగ్గర ఒక్కసారి లేదంటే ఎవడు నమ్ముతాడు? రొట్టె లేదని నాలుగుసార్లు అరిస్తే గానీ క్యూ కదలదు!"

అందరూ నవ్వారు. నెదెల్కాకి నవ్వే ఓపిక కూడా లేదు.

ఇంట్లో బానిత్సా అనే చీజు రొట్టెకి పిండిపొరలు పరుస్తూ "సంబడీ, ఎనీబడీ, నోబడీ" అని గొణుక్కునేది. ఎవ్రీబడీ అంటే అందరూ, కానీ దాని వెనక క్రియ మాత్రం ఒక్కరికి వాడేది. అది ఆమెకి చిటికెలో పట్టుబడింది. పార్టీ సమావేశాల్లో అందరూ ఒక్కరిలా చేతులెత్తడం చూసిన మనిషి కదా. నోబడీ దగ్గరే బండి ఆగిపోయేది.

రాతపరీక్షలో అంచు మార్కులతో గట్టెక్కింది. ఇక మాటల పరీక్షలో తప్పితే అంతే సంగతులు. సోఫియా నుంచి వచ్చిన పరీక్షాధికారి మంచివాడే. ఊరు, వాతావరణం అడిగాక, ఇంగ్లీషులోనే ఇంకో ప్రశ్న వేశాడు.

"మీ బడిలో ఇప్పుడు రష్యన్ ఎవరైనా నేర్చుకుంటున్నారా?"

ఆ ఏడు రష్యన్‌కి ఇద్దరు పిల్లలు మిగిలారు. క్రిస్మస్ సెలవులయ్యాక ఆ ఇద్దరూ ఫ్రెంచికి మారారు. జవాబు నోటి దాకా వచ్చింది, దానితో పాటు నాట్ కూడా వచ్చింది. నెదెల్కా పళ్ళు బిగించి ఆ నాట్‌ని మింగేసింది.

"నోబడీ లర్న్స్ రష్యన్."

"భేష్!" అన్నాడాయన. "పొద్దుట్నుంచీ ఈ వాక్యం ఒక్కరు కూడా సరిగ్గా చెప్పలేదండీ. మీరు పాసయ్యారు."

ఆమె థాంక్యూ చెప్పి బయటికొచ్చి, వరండా గోడకి ఆనుకుని కళ్ళొత్తుకుంది. పెన్చో పరుగున వచ్చాడు.

"ఏమైంది నెదెల్కా? పోయిందా?"

"లేదు, పాసయ్యాను."

"మరి ఈ ఏడుపేంటి, పిచ్చిదానా?"

"ఇన్నేళ్ళూ నేను చెప్పిన చదువు ఎవరికీ అక్కర్లేదని, ఒక్క తప్పు లేకుండా చెప్పొచ్చాను పెన్చో."