కప్పుకోని శాలువా

పరాయి దేశంలో మేము స్థిరపడిన వెర్రిబీ ఊళ్లో మా వీధివారందరూ అతణ్ణి 'మన గార్డు' అనే పిలిచేవారు. బాస్కెట్‌బాల్‌లో బంతిని నడిపించి, తోటివారికి దారి చూపే స్థానమది. ఆ స్థానంలో పదిహేనేళ్లు ఆడి, ఈ దేశమంతటా కీర్తి గడించినవాడు. ఎదుటివాడు మీదికి వస్తే అరచేయి చాచి నిలిచేవాడు. ఆ చేతిని దాటిపోవడం ఎంతటివారికైనా దుస్సాధ్యమయ్యేది.

మోకాలి శస్త్రచికిత్స తరువాత క్లబ్బు అతని ఒప్పందాన్ని పొడిగించలేదు. ఇక ఆట ముగిసినదని మా తెలుగు సంఘంవారే తీర్మానించి, ఉగాది సభలో సన్మానం తలపెట్టారు. శాలువా కప్పే బాధ్యతను వయసు చూసి నాకు అప్పగించారు. "విశ్రాంత క్రీడాకారునికి..." అని కార్యదర్శి ప్రకటించగానే అతడు నావైపు వంగాడు.

"అంకుల్, విశ్రాంత అంటే రిటైర్డా?"

"అవును నాయనా."

"దెన్ నో, అంకుల్. నెక్స్ట్ మండేనాడు కొత్త క్లబ్బులో నాకు సెలెక్షన్ ట్రయల్ ఉంది."

శాలువాతో ముందుకు వంగిన నా ఎదుట ఆ అరచేయి లేచింది.

"ఫోటో కోసమైనా కప్పుకో బాబూ, జనం చూస్తున్నారు!" అని కార్యదర్శి బతిమాలాడు.

"ఫోటో మండేనాడు కోర్టులో తీసుకోండి, అంకుల్" అని నవ్వుతూ వేదిక దిగిపోయాడు.

సోమవారం ఆ క్లబ్బువారు అతణ్ణి తీసుకోలేదు. ఆ సంగతి తెలిసి, మరునాడు ఓదార్చుదామని వారింటికి వెళ్లాను. తల్లి తలుపు తీసింది.

"వాడు లేడండీ మాస్టారూ. ఇంకో క్లబ్బుకు వెళ్లాడు."

"వాళ్లు పిలిచారా అమ్మా?"

"లేదండీ. పిలవకుండానే వెళ్లాడు."